ఉమ్మడి గొర్రె పుచ్చి చావక్కర్లేదు!

ఎండాకాలం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు కూడా వేడెక్కిపోతాయి. ‘బోరు ఎండిపోయింది’, ‘ట్యాంకర్ డబ్బులు ఎవరివ్వాలి?’, ‘పైఫ్లోర్ వాళ్లు రోజూ కారు కడుగుతున్నారు, మాకేమో స్నానానికి నీళ్లు లేవు’... ఇలా ఓ రెండొందల మెసేజ్‌లు నడిచాక ఎవరో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేస్తాడు: ‘అందరిదీ అంటే ఎవరిదీ కాదండీ!’ దాని కింద పది థంబ్స్ అప్‌లు. చర్చ సమాప్తం.

ఈ మాట కొత్తదేం కాదు. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అని మనవాళ్లు ఎప్పుడో అనేశారు. నలుగురూ కలిసి గొర్రెను కొంటే, మేత వేయాల్సింది నువ్వంటే నువ్వని వంతులు వేసుకుంటారు. చివరికి అది దిక్కులేకుండా చస్తుంది. ఇదే మాటను 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ‘సైన్స్’ పత్రికలో పెద్ద వ్యాసంగా రాశాడు. ఊరి పచ్చిక అందరిదీ అయితే, ఎవరికి వారు ‘ఇంకో ఆవును తోలితే నాకు లాభమే కదా’ అనుకుంటారు. అందరూ అలాగే అనుకుంటే చివరికి పచ్చికే మిగలదు. అది పాడవకుండా ఉండాలంటే రెండే దారులు: సర్కారు తీసేసుకోవడం, లేదంటే ముక్కలు చేసి ఎవరిది వారికి అమ్మేయడం. ఆ వ్యాసం ప్రపంచమంతా పాకింది. అడవుల మీద, చెరువుల మీద, చేపల మీద చట్టాలు చేసే చాలామంది బుర్రల్లో అది తిష్ట వేసింది.

‘సరేగానీ, నిజంగా ఊళ్లలో అలాగే జరుగుతోందా? వెళ్లి చూశారా?’ అని అడిగిన మనిషి పేరు ఎలినార్ ఆస్ట్రమ్. తెలిసినవాళ్లందరికీ లిన్. రాజకీయ ఆర్థికవేత్త. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ. ఈ వారం ఆమె కథ.

‘టైపింగ్ వచ్చా?’

లిన్ 1933 ఆగస్టు 7న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. అమెరికాలో మహామాంద్యం నడుస్తున్న రోజులు. అమ్మానాన్నలు విడిపోయారు. అమ్మ దగ్గరే పెరిగింది. పెరట్లో కూరగాయలు పండించుకోవడం, పండ్లను సీసాల్లో నిల్వ చేసుకోవడం, పొదుపుగా బతకడం చిన్నప్పుడే అలవాటయ్యాయి.

చదివింది మాత్రం బెవర్లీ హిల్స్ హైస్కూల్లో. డబ్బున్న పిల్లల బడి. అక్కడి పిల్లల్లో నూటికి తొంభై మంది కాలేజీకి వెళ్లేవారు కాబట్టి తనూ వెళ్లాలనుకుంది. ఇంట్లో అప్పటిదాకా ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. హైస్కూల్ అయ్యాక ఇంకా చదువెందుకన్నది అమ్మ ప్రశ్న. లిన్ ఈత నేర్పింది, లైబ్రరీలో పనిచేసింది, దుకాణాల్లో పనిచేసింది. ఆ డబ్బుతోనే యూసీఎల్‌ఏలో డిగ్రీ మూడేళ్లలో, పైసా అప్పు లేకుండా పూర్తిచేసింది. అది 1954.

డిగ్రీ పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ‘టైపింగ్ వచ్చా? షార్ట్‌హ్యాండ్ వచ్చా?’ ఆడపిల్లంటే టీచరు, లేకపోతే సెక్రటరీ. మూడోది వాళ్ల ఊహకు అందేది కాదు. షార్ట్‌హ్యాండ్ కరస్పాండెన్స్ కోర్సులో నేర్చుకుంది గానీ దాని మీదే ఆగిపోలేదు. గుమస్తాగా చేరి, అంతవరకూ ఆడవాళ్లను ఆ స్థాయిలో పెట్టుకోని ఒక కంపెనీలో అసిస్టెంట్ పర్సనల్ మేనేజర్ అయింది. లా చదువుతున్న మొదటి భర్తను తన జీతంతో చదివించింది కూడా. ఆ పెళ్లి నిలవలేదు.

అప్పుడు పీహెచ్‌డీ ఆలోచన వచ్చింది, అదీ ఆర్థికశాస్త్రంలో. ఇక్కడే పాత కథొకటి అడ్డం తగిలింది. హైస్కూల్లో ఆమె త్రికోణమితి చదువుతానంటే వద్దన్నారు. ఆల్జీబ్రాలో, జామెట్రీలో అన్నీ ‘ఏ’ గ్రేడ్లు రాని ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకన్నారు. ఆ లెక్కలు లేవు కాబట్టి యూసీఎల్‌ఏ ఆర్థికశాస్త్ర విభాగం తలుపు తీయలేదు. ఒక తరగతి గదిలో ఎవరో తేలిగ్గా తీసుకున్న నిర్ణయం పదేళ్ల తర్వాత ఒక మనిషి దారినే మార్చేసింది.

సరే, రాజనీతి శాస్త్రంలో చేరింది. ఆ బ్యాచ్‌లో నలభై మంది, అందులో ఆడవాళ్లు నలుగురు. ‘ఆడవాళ్లకు సీట్లిస్తే డిపార్ట్‌మెంట్ పరువు ఏమవుతుంది’ అని కొందరు ప్రొఫెసర్లు గొణుక్కున్నారు.

ఉప్పునీళ్ల మీద తొలి పాఠం

పీహెచ్‌డీకి ఆమె ఎంచుకున్న విషయం మనకు బాగా తెలిసినదే. భూగర్భ జలాలు. లాస్ ఏంజెలెస్ పక్కన వెస్ట్ బేసిన్ అని ఓ ప్రాంతం ఉంది. ఊళ్లు, ఫ్యాక్టరీలు, నీటి కంపెనీలు ఎవరికి వారు బోర్లు వేసి తోడేస్తున్నారు. నీటిమట్టం పడిపోయి పసిఫిక్ సముద్రపు ఉప్పునీళ్లు లోపలికి చొచ్చుకొస్తున్నాయి. ఒక్కరు తోడడం తగ్గించినా ఆ మిగిలిన నీళ్లను పక్కవాడు తోడుకుంటాడు. మరి ఎవరు తగ్గిస్తారు?

హార్డిన్ లెక్క ప్రకారం వెస్ట్ బేసిన్ మునిగిపోవాలి. కానీ మునగలేదు. అక్కడివాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరెంత తోడుతున్నారో లెక్కలు బయటపెట్టుకున్నారు. కోర్టుకెక్కారు, అక్కడే కూర్చుని రాజీ మాట్లాడుకున్నారు. అందరూ కలిసి కోత వేసుకున్నారు. సముద్రం పక్కన భూమిలోకి మంచినీళ్లు ఎక్కించి ఉప్పునీళ్లకు అడ్డుకట్ట కట్టారు. లిన్ వాళ్ల మీటింగ్‌లలో కూర్చుని, కాగితాలన్నీ చదివి, ఈ కథంతా రాసింది. 1965లో డాక్టరేట్ వచ్చింది. గమనించండి, హార్డిన్ వ్యాసం అప్పటికింకా రాలేదు. ప్రశ్న కంటే మూడేళ్ల ముందే జవాబు ఆమె చేతిలో ఉంది!

ఉదయం ఏడున్నర క్లాసు

ఆ యూనివర్సిటీలోనే పరిచయమైన విన్సెంట్ ఆస్ట్రమ్‌ను 1963లో పెళ్లి చేసుకుంది. 1965లో ఆయనకు ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. ఆమెకు? మొదట ఏమీ లేదు. తర్వాత మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఏడున్నరకు ఫస్టియర్ వాళ్లకు పాఠం చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. ఎవరూ ముట్టుకోని ఆ క్లాసు ఆమెకిచ్చారు. అక్కడ మొదలైన మనిషి అదే విభాగానికి అధిపతి అయింది, అమెరికా రాజనీతి శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షురాలైంది.

1973లో భార్యాభర్తలిద్దరూ ఒక పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. దానికి సెంటర్ అనో, ఇన్‌స్టిట్యూట్ అనో కాకుండా ‘వర్క్‌షాప్’ అని పేరుపెట్టారు. కారణం వడ్రంగం. ఇంటి ఫర్నిచర్‌ను వాళ్లు ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర నేర్చుకుని స్వయంగా చేసుకునేవారు. చదువు కూడా అలాగే నేర్చుకోవాలన్నది వాళ్ల నమ్మకం. కొత్తవాడు మేస్త్రి పక్కన నిలబడి, చెక్క పట్టుకుని, చేస్తూ నేర్చుకోవాలి.

అక్కడ తొలి పెద్ద పని పోలీసుల మీద. అప్పట్లో అమెరికాలో నిపుణులంతా చిన్న చిన్న పోలీసు విభాగాలన్నీ కలిపేసి ఒకటే పెద్దది చేయాలనేవారు. లిన్ తన విద్యార్థులతో పోలీసు కార్లెక్కి తిరిగింది, ఇంటింటికీ వెళ్లి జనాన్ని అడిగింది. ఇండియానాపొలిస్ పక్కనున్న చిన్న పట్టణాల పోలీసులు పెద్ద నగర విభాగానికి ఏమీ తీసిపోలేదని, చాలా విషయాల్లో మెరుగని తేలింది. పెద్దదైతే చాలు, పని బాగా జరుగుతుందన్న నమ్మకానికి అది మొదటి దెబ్బ.

ఆవులు, చేపలు, నియమాలు

తర్వాత ఆమె ప్రపంచం మీద పడింది. స్వయంగా కొన్నిచోట్లకు వెళ్లింది, ఇతరులు రాసిన వందలాది ఊళ్ల కథల్ని పోగేసింది. ఏ ఊరు నిలబడింది, ఏ ఊరు కూలిపోయింది అని వేరుచేసింది. దాంతో 1990లో వచ్చిన ‘గవర్నింగ్ ద కామన్స్’ అనే పుస్తకం ఆమెకు పేరు తెచ్చింది.

స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. వేసవిలో ఆవుల్ని ఊరి ఉమ్మడి పచ్చికకు తోలతారు. 1517లో వాళ్లొక నియమం రాసుకున్నారు: చలికాలమంతా నీ మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలవో, వేసవిలో అన్నింటినే పైకి తోలాలి. అంతే! గడ్డిని కొలవక్కర్లేదు, ఆఫీసర్ రానక్కర్లేదు. ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో చలికాలంలో ఊరందరికీ తెలుసు. ఎక్కువ తోలితే జరిమానా. పట్టుకున్న ఊరి అధికారికి అందులో సగం. ఐదొందల ఏళ్ల కింద రాసుకున్న ఆ పద్ధతి తరతరాలు నడిచింది.

తుర్కియేలోని అలన్యా సముద్ర తీరంలో జాలర్లకు ఇంకో గొడవ. మంచి చేపలు పడే చోటు కోసం కొట్లాటలు. వాళ్లేం చేశారంటే, వల వేసే చోట్లన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాశారు. ప్రతి సెప్టెంబర్‌లో చీటీలు తీస్తారు. చీటీలో వచ్చిన చోట మొదటిరోజు వల వేయాలి. మర్నాడు తూర్పుకి ఒక చోటు జరగాలి, ఆ మర్నాడు ఇంకొకటి. జనవరి వచ్చాక పడమరకి జరుగుతారు. అందరికీ మంచి చోటు వస్తుంది, అందరికీ చెత్త చోటూ వస్తుంది. వేరేవాడు మీ వంతు చోటులో వల వేస్తే కనిపెట్టేది ఎవరు? ఆరోజు అక్కడికి వెళ్లాల్సిన మీరే! కాపలాకు జీతం కూడా దండగ లేదు.

ఇలాంటి ఊళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, నిలబడ్డవాటిలో ఎనిమిది లక్షణాలు కనిపించాయి ఆమెకు. మన అపార్ట్‌మెంట్ బోరు భాషలో చెప్పుకుందాం.

ఒకటి, ఈ నీళ్లు ఎవరివో, ఎవరివి కావో స్పష్టంగా ఉండాలి.
రెండు, నియమం మన చోటుకి సరిపోవాలి. వాడుకున్నదానికి, పెట్టే ఖర్చుకి పొంతన ఉండాలి. ఒంటరిగా ఉండే బ్యాచిలర్‌కీ ఆరుగురున్న ఇంటికీ ఒకటే బిల్లు అంటే ఎవరికో ఒకరికి మండుతుంది.
మూడు, నియమాన్ని ఎవరు పాటించాలో వాళ్లకు దాన్ని మార్చే హక్కూ ఉండాలి. అద్దెకున్నవాళ్లను మీటింగ్‌కి పిలవకుండా రూలు పెడితే అది కాగితం మీదే ఉంటుంది.
నాలుగు, కనిపెట్టేవాళ్లు మనలో ఒకరై ఉండాలి, లేదంటే మనకు జవాబుదారీగా ఉండాలి.
ఐదు, శిక్ష మెట్లు మెట్లుగా ఉండాలి. మొదటిసారి ఒక మాట, రెండోసారి చిన్న జరిమానా, అప్పటికీ వినకపోతే పెద్దది.
ఆరు, గొడవ వస్తే త్వరగా, చవగ్గా తేల్చుకునే చోటుండాలి.
ఏడు, మన నియమాలు మనం పెట్టుకునే హక్కును ప్రభుత్వం గుర్తించాలి.
ఎనిమిది, వనరు పెద్దదైతే ఏర్పాటు కూడా అంచెలంచెలుగా ఉండాలి. వాడకు ఒకటి, ఊరికి ఒకటి, కాలువ మొత్తానికి ఒకటి.

ఇందులో ఐదోది చూడండి. తప్పు చేసినవాణ్ని మొదటిసారే బజారుకీడిస్తే వాడు మొండికేస్తాడు. చిన్న జరిమానా అసలు పని డబ్బు వసూలు చేయడం కాదు, ‘మేం చూస్తున్నాం, నువ్వింకా మనవాడివే’ అని చెప్పడం. ఆరోజు వాడికి నిజంగానే అవసరం వచ్చి ఉండొచ్చు కూడా.

సిమెంట్ కట్టాక నీళ్లు తగ్గాయి

నాకు ఆమె పనిలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది నేపాల్ కాలువల కథ. రైతులు మట్టి, రాళ్లు, కొమ్మలతో కట్టుకున్న కాలువలు ఒకవైపు, ప్రభుత్వం ఇంజనీర్లను పెట్టి సిమెంట్‌తో కట్టించినవి ఇంకోవైపు. ఆమె బృందం రెండింటినీ పోల్చింది. నీళ్లు కాలువ చివరి రైతుదాకా ఎక్కువగా చేరింది మట్టి కాలువల్లో!

ఎందుకు? మట్టికట్ట ఏటా కొట్టుకుపోతుంది. మళ్లీ కట్టాలంటే చాలామంది చేతులు కావాలి. తల దగ్గరున్న రైతుకు తోక దగ్గరున్న రైతు సాయం అవసరం. సాయం కావాలంటే నీళ్లివ్వాలి. సిమెంట్ కట్ట వచ్చాక ఆ మరమ్మతు పనే లేకుండా పోయింది. తలదగ్గరి రైతుకి ఇంక ఎవరి అవసరమూ లేదు. నీళ్లన్నీ అతనే పెట్టుకున్నాడు. కట్ట గట్టిపడింది, మనుషుల మధ్య ఉన్న లంకె తెగిపోయింది. నీటి పథకం కట్టేముందు ‘ఇక్కడ ఇప్పటికే ఏం నడుస్తోంది?’ అని అడగకపోతే జరిగేది ఇదే. సిమెంట్ వద్దని ఆమె అనలేదు. సిమెంట్ ఒక్కటే చాలనుకోవద్దంది.

కర్నూలు ఊళ్లూ ఉన్నాయి ఇందులో

ఈ కథలో మన ఊళ్లకీ చోటుంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింద ఉన్న 31 ఊళ్లను తిరిగి చూసి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం రాశాడు. ఆస్ట్రమ్ తన వాదనకు ఆధారం చేసుకున్న పనుల్లో అదొకటి.

ఆ ఊళ్లలో కొన్నిచోట్ల రైతులే నీరుగట్లను పెట్టుకున్నారు. ఎవరి మడికి ఎప్పుడు తడి పెట్టాలో చూసేది వాళ్లే. పశువులు పైరులో పడకుండా కాపలాదారులూ ఉండేవారు. ఊరికి ఉమ్మడి నిధి ఉండేది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందల్ని మేపుకునే హక్కు అమ్మితే వచ్చే డబ్బు కూడా అందులోకే. ఇదంతా సర్కారీ పంచాయతీతో సంబంధం లేకుండా ఊరివాళ్లు సొంతంగా నడుపుకున్నది.

మరి అన్ని ఊళ్లలో ఎందుకు లేదు? కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు నీళ్లు పుష్కలం, సంఘం ఎందుకు? కాలువ చివర ఉన్న ఊళ్లలోనే, నీటి భయం ఎక్కువున్నచోటే, గట్టి ఏర్పాట్లు కనిపించాయి. అంటే మనుషులు మంచివాళ్లయి కలవలేదు. అవసరమై, లాభం కనిపించి కలిశారు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతులకు సాగునీటి నిర్వహణ అప్పగిస్తూ చట్టం చేసింది. 10 వేలకు పైగా నీటి సంఘాలు ఒక్కసారే పుట్టుకొచ్చాయి. రైతుల చేతికి ఇవ్వడం మంచి ఆలోచనే. కానీ ఒకే నమూనాను అన్ని ఊళ్లకూ జిరాక్స్ తీస్తే ఏమవుతుందన్నదే ఆస్ట్రమ్ జీవితమంతా అడిగిన ప్రశ్న. తన ఎనిమిది సూత్రాలు కూడా మందుచీటీ కాదని ఆమె పదే పదే చెప్పింది.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. కొందరు పరిశోధకులు ఊళ్లలో రైతులతో ఒక ఆట ఆడించారు. తక్కువ నీళ్లు తాగే పంట వేస్తారా, ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ నీళ్లు తాగే పంట వేస్తారా? మీ ఎంపికను బట్టి ఊరి భూగర్భ జలం తరుగుతూ వస్తుంది. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల రిజిస్టర్లు, నీటి నియమాలు పెట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే జనం మెరుగైన నిర్ణయాలు తీసుకుంటారని ఆస్ట్రమ్ ప్రయోగశాలలో చూసింది. అదే ఇక్కడ బోర్ల పక్కన మళ్లీ కనిపించింది.

‘ఊరు’ అంటే ఎవరు?

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. ఊరంతా కలిసి నిర్ణయించింది అంటాం. ఆ ‘ఊరు’లో ఎవరున్నారు? భూమి ఉన్న మగవాళ్లు రచ్చబండ మీద కూర్చుని చేసిన నియమం, భూమి లేనివాళ్లకు, వాడ చివరివాళ్లకు, కట్టెలు ఏరుకునే ఆడవాళ్లకు న్యాయం చేస్తుందా? కులం సంగతి తెలిసిన మనం ఈ ప్రశ్న వదిలేయలేం.

మన దేశానికే చెందిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఈ పని అందుకున్నారు. గుజరాత్‌లో, నేపాల్‌లో ఊరి అటవీ కమిటీలను పరిశీలించారు. కమిటీలో ఒకరిద్దరు ఆడవాళ్లుంటే వాళ్ల నోరు లేవదు. పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే పరిస్థితి మారుతుందని ఆమె చూపించారు. ఆడవాళ్లు మీటింగ్‌కి వస్తారు, మాట్లాడతారు, అడవి కూడా మెరుగవుతుంది. ఆస్ట్రమ్ చెప్పిన మూడో సూత్రాన్ని నిజంగా పాటించడమంటే ఇదే.

ఫోన్ మోగిన రోజు

2009 అక్టోబర్ 12. నోబెల్ ప్రకటన వచ్చింది. ఆలివర్ విలియమ్సన్‌తో కలిపి ఎలినార్ ఆస్ట్రమ్‌కు. చాలామంది ఆర్థికవేత్తలు ‘ఎవరీమె?’ అని ఇంటర్నెట్‌లో వెతుక్కున్నారు. త్రికోణమితి లేదని వాళ్ల విభాగం ఒకప్పుడు చేర్చుకోని మనిషి, వాళ్ల శాస్త్రంలోనే అత్యున్నత బహుమతి అందుకుంది. తన వాటా డబ్బును వర్క్‌షాప్‌కే ఇచ్చేసింది. తర్వాత ఇదే బహుమతి 2019లో ఎస్తర్ డఫ్లోకి, 2023లో క్లాడియా గోల్డిన్‌కి వచ్చింది. తలుపు తెరిచింది మాత్రం లిన్.

2011 జనవరిలో ఉమ్మడి వనరుల మీద పనిచేసే పరిశోధకుల అంతర్జాతీయ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. అప్పటికి ఆమెకు 77 ఏళ్లు. వచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2012 జూన్ 12న, క్యాన్సర్‌తో కన్నుమూసింది. అదేరోజు ఆమె చివరి వ్యాసం అచ్చయింది. రియో సదస్సులో ప్రపంచ నేతలంతా కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా ఎదురుచూడక్కర్లేదు, నగరాలు, ఊళ్లు ఎక్కడికక్కడ మొదలుపెట్టాలని అందులో రాసింది. పదిహేడు రోజుల తర్వాత విన్సెంట్ కూడా వెళ్లిపోయారు.

ఈ వారం మీకో పని. ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో ఉంటే అడగండి. మీ ఊరి చెరువు నీళ్లు ఎవరు వదిలేవారు? ఆయన్ని ఏమని పిలిచేవారు, నీరుగట్టు అనా, నీరుగంటి అనా, నీరటి అనా? ఆయనకు కూలి ఎవరిచ్చేవారు? వంతు తప్పినవాణ్ని ఏం చేసేవారు? ఆ నియమం పెట్టేటప్పుడు ఎవరి మాట విన్నారు, ఎవరి మాట వినలేదు? తెలిసిన సంగతులు కింద రాయండి. అవి తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.